తమ్ముడి వెలి

పడవ మలుపు తిరగగానే పొగమంచు మీద తేలుతున్నట్టు పెద్ద గుడి శిఖరాలు రెండూ కనిపించాయి. కింద గోడల్లేవు, ఇళ్లు లేవు, రేవు లేదు, ఉత్త శిఖరాలే. ఇంకెంతసేపు అని అడగబోయి ఊరుకున్నాడు అగ్రపీఠాధిపతి రుమోల్డ్. అడిగితే సరంగు గేర్లాక్ చెప్పేస్తాడు, చెప్పిన క్షణం నుంచీ ఆ కాస్త సమయమూ కరగడం మొదలుపెడుతుంది. అడక్కుండా ఉంటే రైన్ నది ఇలాగే బూడిదరంగుగా, తొందర లేకుండా పారుతూ ఉంటుంది, తెడ్లు ఇలాగే లేచి పడుతూ ఉంటాయి, పడవ మధ్యలో ఎద్దుతోలు కప్పిన ఆ పెట్టె ఇలాగే ఉంటుంది, ఎవరూ ఏదీ తేల్చక్కర్లేదు. పెట్టెలో తమ్ముడున్నాడు. ఎగినో. ఉప్పు వేసి, తోలులో చుట్టి కుట్టేసి, చెక్కల సందుల్లో తారు పూశారు, అయినా గాలి తిరిగినప్పుడల్లా తెడ్లు వేసేవాళ్లు మొహాలు పక్కకి తిప్పుకుంటున్నారు, తిప్పుకున్నవాళ్లు ఏలినవారు చూశారేమోనని మళ్లీ సర్దుకుంటున్నారు. పాపం, నేనుండబట్టి ముక్కు కూడా మూసుకోలేకపోతున్నారు, అనుకున్నాడు. పడవ ముందుభాగంలో ఆయన దగ్గరుండే పాదిరి ఓట్విన్ కళ్లు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు. ప్రార్థనా, కునుకా తెలియదు. ఓట్విన్ ఎప్పుడూ అంతే, ఏం చేస్తున్నా శ్రద్ధగానే చేస్తున్నట్టు ఉంటాడు.

పెట్టెకి ఆ చివర రెలిందా కూర్చుని ఉంది, తమ్ముడి భార్య, వంటింటి బల్ల మీద ఆనించినట్టు మూత మీద మోచెయ్యి ఆనించి. ఆ మోచెయ్యి చూస్తే ఎందుకో కోపం వస్తోంది ఆయనకి. అంత చనువుగా ఎలా కూర్చోగలిగింది. కొండమీది కోటలో, తనూ తమ్ముడూ పుట్టి పెరిగిన ఇంట్లో, ఈ పెట్టెని గుర్రపుసాలలో దించి ఉంచారు. ఇంట్లోకి తేవడానికి పనివాళ్లు ఒప్పుకోలేదట, వెలిపడిన శవం ఉన్న ఇంట్లో పాలు విరిగిపోతాయట. వాగు దాటుతుండగా గుర్రం కూలి తమ్ముడి మీద పడిందని, తుంటి నుజ్జయిందని కబురు రాగానే ఆయన బయల్దేరాడు. రాగానేనా. లేదు, ఒక రోజు ఆగాడు. పోపుగారి దూతతో చెప్పి వెళ్లాలా చెప్పకుండా వెళ్లాలా అని ఆలోచించుకున్న రోజది. చెప్పే వెళ్లాడు. వెళ్లేసరికి గుర్రపుసాలలో గుర్రాలు లేవు, తమ్ముడున్నాడు. కోటలోని పాత వంటమనిషి చేతులు తుడుచుకుంటూ వచ్చి, వచ్చారా పెద్దబాబూ, అని మాత్రం అని, ముద్దు పెట్టుకోవడానికి ఉంగరం ఉన్న చెయ్యి చాచినా చూడనట్టే లోపలికి వెళ్లిపోయింది.

నిన్న సాయంత్రం పడవ కట్టిన చోటికి గుర్రం మీద మనిషి వచ్చి చెప్పి వెళ్లాడు. పోపుగారి దూత, కార్డినల్ లాండుల్ఫో, స్వయంగా రేవుకి వచ్చి నిలబడతారు, ఒక్కటే అడుగుతారు. ఎగినో చనిపోయే ముందు పశ్చాత్తాపపడ్డాడా, లేదా. పోపుగారు రాజుని వెలివేశాక కూడా రాజు పక్షాన కత్తి పట్టినందుకు తప్పయిపోయిందని ఒక్క మాట అని ఉండి, ఆ మాటకి సాక్షి ఉంటే, శవం మీదనైనా వెలి తీసేయొచ్చు, తల్లి పక్కన, గుడిలో, గంటలు మోగిస్తూ పాతిపెట్టొచ్చు. అనకపోతే ఊరి గోడ బయట, ఉరితీసినవాళ్లనీ నీళ్లలో కొట్టుకొచ్చినవాళ్లనీ కప్పెట్టే గడ్డినేల ఉంది. అడిగేది న్యాయంగానే ఉంది. దక్షిణాన పోపుగారి దేశం నుంచి వచ్చిన ఆ దూతకి ఇక్కడి చలి పడదు, వేసవిలో కూడా రెండు బొచ్చు అంగీలు తొడుక్కుంటాడు, మర్యాదస్తుడు, ఎవరి మీదా గొంతు లేపడు, రొట్టె తుంచి పక్కవాడికి ముందు పెట్టి తర్వాత తను తింటాడు. చెడ్డవాడైతే ఎంత బావుండేది.

"రెలిందా," అన్నాడు రుమోల్డ్. ఆమె తల తిప్పలేదు. "ఆఖర్న ఏమన్నాడు?"

"నిన్న చెప్పాను కదా బావగారూ."

"మళ్లీ చెప్పమ్మా."

"దాహం అన్నారు. గుర్రం బతికుందా అనడిగారు. దాన్ని అక్కడే పొడిచి చంపేశారని చెప్పలేక, ఉందన్నాను, గడ్డి తింటోందన్నాను. పాదిరిని పిలిపించమన్నారు. పిలిపించాను. వాకిలి దాకా వచ్చాడు. టోపీ తీసి చేత్తో నలుపుకుంటూ ఏడ్చాడు. అమ్మా, లోపలికొస్తే నన్నూ వెలేస్తారు, నాకు ముసలి తల్లి ఉంది, అన్నాడు. ఎవరు వేస్తారని నేనడగలేదు." నది వైపే చూస్తూ చెప్తోంది, ఎవరి ఇంటి సంగతో చెప్తున్నట్టు. "అందుకని నాకే చెప్పుకున్నారు, పాపాలన్నీ. ఎవరూ లేకపోతే పెళ్లానికైనా చెప్పుకోవచ్చని ఎవరో చెప్పారట ఆయనకి. నిజమేనా?"

"నిజమే."

"పోన్లెండి. నాకు తెలియనివి రెండో మూడో ఉన్నాయి. తెలిసినవే ఎక్కువ. తెలిసినవి చెప్తున్నప్పుడు, అబ్బ, అది నాకు తెలుసు, తర్వాతది చెప్పండి అన్నాను. నవ్వారు. నవ్వితే తుంటి నొప్పి."

"రాజు సంగతి?"

"అది పాపాల్లో చెప్పలేదు."

తెడ్లు లేచి పడ్డాయి. అది పాపాల్లో చెప్పలేదు. వాడంతే, చిన్నప్పటినుంచీ అంతే, నాన్నకి ప్రాణమైన డేగ కాలికున్న తోలుతాడు విప్పింది రుమోల్డే, ఊరికే, ఎంత పైకి ఎగురుతుందో చూద్దామని, అది నదికి అవతల అడవుల మీదుగా చుక్కలా అయిపోయి ఇక రాలేదు. ఎవర్రా విప్పింది అని నాన్న అడిగితే రుమోల్డ్ అబద్ధం ఆడలేదు, గాలి గట్టిగా వేసింది నాన్నా, ముడి వదులుగా ఉన్నట్టుంది, అన్నాడు. ఎగినోని అడిగితే వాడు నోరు విప్పలేదు. అన్న పేరు చెప్పడు, గాలి అని కూడా అనడు. నోరు విప్పనివాడికే కదా దెబ్బలు పడేది, గుర్రం వారుతో వీపంతా చారలు తేలేలా కొట్టాడు నాన్న. తర్వాత గడ్డిమేటు వెనక బోర్లా పడుకున్నవాడి దగ్గరికి వెళ్లి, గాలి అనుంటే పోయేదిగా, అంటే, గాలి వెయ్యలేదుగా, అన్నాడు. అంతే. కోపంగా కాదు, బాధగానూ కాదు, వాన పడలేదుగా అన్నట్టు. ఆ ఏడు చలికాలంలోనే రుమోల్డ్‌కి జ్వరం వచ్చి గొంతు మూసుకుపోతే, పెద్దాడు బతికితే దేవుడికి ఇచ్చేస్తానని నాన్న మొక్కుకున్నాడు, బతికాడు, ఇచ్చేశాడు. కోట, పొలాలు, ద్రాక్షతోటలు, మోకాలి మీద కూర్చుని రాజు చేతుల్లో చేతులు పెట్టి చేసే ప్రమాణం, అన్నీ తమ్ముడికి పోయాయి. తనకి మిగిలింది మఠం, గొర్రెకొవ్వు దీపాల కంపు, చలికి పగిలిన వేళ్లు, పాడితే మాత్రం మెచ్చుకునేవాళ్లు. ఎగినో ఏడాదికోసారి వచ్చేవాడు, పందిమాంసం వేలాడదీసిన కర్ర భుజాన వేసుకుని, మఠం పెద్ద వద్దన్నా వినకుండా గోడ మీంచి దూకి. నీకు ఇక్కడ బావుందా అని అడిగేవాడు. బానే ఉందిరా అంటే తేరిపార చూసి, సరే, అనేవాడు.

ఎడమవైపు కొండవాలు మీద పొగమంచు విడిపోయి ద్రాక్షతోటలు బయటపడ్డాయి. కోతకాలం. బుట్టలు వీపున కట్టుకున్న ఆడవాళ్లు వరసల్లో వంగి ఉన్నారు. పడవ ముందున్న శిలువ జెండా చూసి ఎవరో నడుం ఎత్తారు. "ఏలినవారూ," అని ఒక గొంతు, నీళ్ల మీదుగా ఖంగుమని వచ్చింది, "ఈసారి ఎవర్ని వెలేసి వస్తన్నారు? మా ద్రాచ్చల్ని మాత్రం వదిలెయ్యండి, ఈ ఏడు అసలే పులుపు." వరసల్లో నవ్వులు పాకాయి. ఒకామె ఇంకేదో అనబోతూంటే పడవ కాస్త పక్కకి తిరిగింది, తోలు కప్పిన పొడవాటి పెట్టె, దాని మీద చెయ్యి వేసి కూర్చున్న ఆడమనిషి వాళ్లకి కనిపించినట్టుంది, నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. తెల్ల తలగుడ్డలన్నీ కదలకుండా నిలబడ్డాయి. గేర్లాక్ చుక్కాని పట్టుకునే ఉమ్మి, "ఆడముండలకి నోటికి తాళం లేదు సామీ, మనసులో పెట్టుకోమాకండి," అన్నాడు. అని, తెడ్డువాడి వైపు తిరిగి, "నువ్వెందుకు నవ్వుతున్నావురా, లాగు," అన్నాడు.

మనసులో ఏం పెట్టుకోవాలి, మనసులో చోటెక్కడుంది. రాజు కూడా ఇలాగే నవ్వించేవాడు, కుర్రవాడుగా ఉన్నప్పుడు, రుమోల్డ్ ఆయన దగ్గర పాదిరిగా ఉన్న రోజుల్లో. పెద్ద గుడికి నువ్వే, అని ఒకనాడు వేట నుంచి వస్తూ వస్తూ చెప్పేశాడు, బురద బూట్లతోనే తన చేతుల్తో అధికారదండం ఇచ్చాడు, వేలికి ఉంగరం తొడిగాడు. కాస్త బిగుతు, అలవాటవుతుందిలే, అన్నాడు. అలవాటైంది. అందరికీ అలాగే ఇచ్చేవాడు, అందరూ అలాగే పుచ్చుకునేవాళ్లు, దండం ఇవ్వడానికి రాజెవరు అని దక్షిణాన పోపుగారు అడిగేదాకా అదో ప్రశ్నని ఎవరికీ తోచలేదు. తోచాక మాత్రం రాజు చేసినవన్నీ కనిపించడం మొదలయ్యాయి, మఠాన్ని యుద్ధపు గుర్రాల కోసం అమ్మడం, చదువురాని బంధువుని బిషప్పుని చేయడం. అవి అబద్ధాలు కావు. పోపుగారు రాజుని వెలివేసినప్పుడు సభలో రుమోల్డ్ లేచి పోపుగారి వైపు వెళ్లి నిలబడ్డాడంటే కారణాలున్నాయి. నరకం భయం కూడా ఉంది. పక్కన ఉన్న బిషప్పులంతా అప్పటికే లేచి వెళ్లిపోవడం, బెంచీ మీద తనొక్కడే మిగిలిపోవడం కూడా ఉంది. అందులో ఏది ఎంతో విడదీయాలంటే ఇప్పుడు కుదరదు, అప్పుడూ కుదర్లేదు. క్రిస్మస్‌కి ఎగినో వచ్చాడు. పైకి రానన్నాడు, బిషప్పు భవనం వంటింట్లో నిలబడే చల్లారిన బాతుమాంసం తిన్నాడు, ఎముక పొయ్యిలో పడేసి, వేళ్లు నాక్కుంటూ, "నువ్వు నిజంగా నమ్ముతున్నావా అన్నయ్యా?" అన్నాడు. రుమోల్డ్ చెప్పాడు. మొదటి కారణం, రెండో కారణం, ఆ కారణానికి శాస్త్రంలో ఆధారం. ఎగినో ఓపిగ్గా అన్నీ విన్నాడు. "నేనడిగింది అది కాదు," అన్నాడు. తర్వాత, "నేను ఆయన చేతుల్లో చేతులు పెట్టాను. మంచివాడో చెడ్డవాడో చూసి పెట్టలేదు. ఇప్పుడు వెనక్కి తీసుకోవడం నాకు తెలీదు," అన్నాడు. తలుపు దగ్గర ఆగి, బాతు బావుంది, ఉప్పు తక్కువైంది, అన్నాడు. ఆఖరి మాట అదే, ఉప్పు తక్కువైంది. ఇప్పుడు పెట్టెలో బస్తాడు ఉప్పు.

ఈస్టర్‌కి ముందు గురువారం. గుడి నిండా జనం. గుండ్రంగా నిలబడ్డ పాదిరులు, ఒక్కొక్కరి చేతిలో వెలిగించిన మైనపువత్తి. వెలివేసేవాళ్ల పేర్లు చదవాల్సింది అగ్రపీఠాధిపతి. వంతెన బురుజుని రాజు తరఫున కాపాడుతూ పోరాడినవాళ్ల పేర్లు. లాండుల్ఫో పక్కనే నిలబడ్డాడు, రెండు బొచ్చు అంగీల్లో, దగ్గు ఆపుకుంటూ. ఒక పేరు వదిలేస్తే ఆయనకి తెలిసేది కాదేమో, ఈ దేశపు పేర్లు ఆయన చెవికి అన్నీ ఒకలాగే ఉంటాయి. అయితే జనానికి తెలుసు. జనం ఊపిరి బిగబట్టి ఆ పేరు కోసమే చూస్తున్నారు. చదువుతాడా, చదవడా. చదివాడు. ముందు పేరు ఎలా చదివాడో అలాగే, తర్వాతి పేరు ఎలా చదివాడో అలాగే. నడిచేచోట, నిలిచేచోట, తినేచోట, పడుకునేచోట, ఊళ్లోనూ పొలంలోనూ వీళ్లు శపించబడినవాళ్లగుదురు గాక. వత్తులు నేలకేసి కొట్టారు, తొక్కారు. గుళ్లో ఒక్కసారిగా చీకటీ, కాలిన వత్తి కంపూ. బయటికొచ్చాక చూసుకుంటే చెప్పు అడుక్కి మైనం అంటుకుని ఉంది, గీకినా పోలేదు, చాలాకాలం పాలరాతి మీద నడిస్తే అడుగు జారేది. ఆ మాటలన్నీ దైవగ్రంథంలో ఉన్నవే, తను కల్పించినవి కాదు. ఒక మాట నోట్లోంచి బయటికెళ్లి నది ఎదురెక్కి, కొండెక్కి, ఒక పాదిరిని వాకిట్లో ఆపేస్తుందని తెలుసా తనకి. తెలుసు. ఆపడానికే కదా అనేది.

శిఖరాల కింద గోడలొచ్చాయి. గోడల కింద రేవు. చీమల్లా మనుషులు.

"రెలిందా, రేవులో ఆయన అడుగుతాడు. నువ్వొక్క మాట అంటే చాలు. చివర్లో తప్పయిపోయిందన్నాడని."

"అనలేదు."

"తెలుసమ్మా. అన్నాడని నువ్వనాలి."

ఆమె మొదటిసారి తల తిప్పి చూసింది. ఏడ్చిన కళ్లు కావు, నిద్రలేని కళ్లు. "పరిశుద్ధుల ఎముకల మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసా?"

"ఆ పాపం నేను మోస్తాను. తీసేసే అధికారం నాకుంది."

"మీ అధికారం ఎంతటిదో నాకు తెలుసు బావగారూ. దాని మీదే కదా చెయ్యి ఆనించుకు కూర్చున్నాను."

గేర్లాక్ చుక్కాని వైపు చూస్తున్నాడు. వినలేదని చూపించుకోవడానికి ఏదో కూనిరాగం మొదలుపెట్టి, పడవలో శవం ఉందని గుర్తొచ్చి మానేశాడు.

"అమ్మ పక్కన ఉండాలని ఉందన్నాడని నువ్వే చెప్పావు," అన్నాడు రుమోల్డ్, ఇంకా గొంతు తగ్గించి.

"వీలైతే అన్నారు. వీలుకాకపోతే ఎక్కడైనా ఫర్వాలేదు, ఆవులు తొక్కని చోట చూడమన్నారు."

"మరి నా పడవలోకి ఎందుకు ఎక్కించావు?"

రెలిందా మూత మీది తోలు అంచు సర్దింది. ఆమె చేతులు చూశాడు, పెద్ద చేతులు, గోళ్ల చుట్టూ తారు నలుపు, పెట్టెకి తారు పూసింది తనేనా. "మీరే తీస్తారేమోనని," అంది. "ఎవరడిగినా, వాడు నా తమ్ముడు, ఇచ్చిన మాట మీద ఉన్నాడు, వెలి వేసింది నేను, తీస్తున్నది నేను, అని మీరే అంటారేమోనని. దారంతా అదే అనుకుంటూ వచ్చాను. పిచ్చిదాన్ని."

అనొచ్చు. నోరు తెరిచి అనొచ్చు, మాటలు పెద్ద కష్టమైనవి కావు. అంటే సాయంత్రానికల్లా దండం, ఉంగరం రెండూ ఉండవు. ఉండకపోతే మాత్రం ఏం, అనుకునేంతలో కారణాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి, ఎప్పుడు పిలిచినా వచ్చేవి అవి ఒక్కటే. తను పోతే ఈ గుడికి దక్షిణం నుంచి ఎవణ్ణో పంపుతారు, ఊరి మొహం చూడనివాణ్ణి. వాడు ఒక్క శవం దగ్గర ఆగడు, రాజు పక్షంవాళ్ల పాత సమాధులు కూడా తవ్విస్తాడు. రాజు ఎక్కడో కొండలవతల ఉన్నాడు, తన కోసం తుంటి విరగ్గొట్టుకున్నవాణ్ణి చూడ్డానికి ఒక రౌతునైనా పంపలేదు, అలాంటివాడు తనని కాపాడతాడా. లేదు, అలా కుదరదు. అయితే ఇంకో దారి ఉంది. ఎందుకింతసేపూ తోచలేదు. సాక్షి రెలిందానే అవ్వాలని ఎవరన్నారు. అగ్రపీఠాధిపతి మాటకి ఎముకలూ ప్రమాణాలూ అక్కర్లేదు. తను చెప్తే చాలు. అబద్ధం, అవును, మామూలు అబద్ధం కాదు, ఆత్మని పోగొట్టే అబద్ధం, దూత ముందు, దేవుడి పేరు మీద. పోనీ. పోతే నా ఆత్మ పోతుంది, వాడు మాత్రం అమ్మ పక్కన పడుకుంటాడు. ఆ ఆలోచనకి ఛాతీలో వెచ్చగా ఏదో పాకింది. ఎన్నాళ్లయింది ఇలా ఉండి. ఇన్నేళ్లలో వాడి కోసం నేను చేస్తున్న ఒకే ఒక్క పని, అనుకున్నాడు, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి, వాటిని తుడుచుకోకుండా ఉంచుకున్నాడు. రెలిందాతో చెప్పాల్సిన పని లేదు. లాటిన్‌లో అడుగుతాడు, లాటిన్‌లో చెప్తాను, ఇద్దరి మధ్యా అయిపోతుంది.

"కట్టండ్రా," అన్నాడు గేర్లాక్. తాడు గాల్లోకి లేచింది, గట్టు మీద ఎవరో అందుకున్నారు. పడవ రాళ్లకి ఒరుసుకుంది, పెట్టె ఒక్కసారి కదిలింది, రెలిందా రెండు చేతులా పట్టుకుంది.

మెట్ల మీద లాండుల్ఫో నిలబడి ఉన్నాడు, ముక్కు ఎర్రగా, అంగీ మెడ పైకి లాక్కుని. వెనక పాదిరులు. ఇంకాస్త పక్కన, ఈటెలవాళ్లు గీత గీసినట్టు నిలబెట్టిన చోట, రాజు పక్షంవాళ్లు. కత్తుల్లేకుండా వచ్చారు. టోపీలు చేతుల్లో ఉన్నాయి. వాళ్ల ముందు ముసలి హెరిబ్రాండ్, ఎగినోకి కత్తి పట్టడం నేర్పినవాడు, గాలికి నెత్తి మీద మిగిలిన నాలుగు తెల్లవెంట్రుకలు ఎగురుతుంటే, ఎటూ చూడకుండా పెట్టెనే చూస్తున్నాడు. ఇంతమంది వస్తారని రుమోల్డ్ అనుకోలేదు. వెలిపడిన శవానికి టోపీ తీసినా తప్పే, తీశారు. నలుగురు బెస్తవాళ్లు పెట్టె ఎత్తి గట్టు రాళ్ల మీద దించారు. రెలిందా దిగి దాని పక్కనే నిలబడింది.

లాండుల్ఫో రెండు మెట్లు దిగి వచ్చి రుమోల్డ్ చేతులు పట్టుకున్నాడు. చేతులు మంచులా ఉన్నాయి. "సోదరా, మీ దుఃఖానికి నా దగ్గర మాటలు లేవు," అన్నాడు లాటిన్‌లో, మనస్ఫూర్తిగానే. "అడక్క తప్పదు, అడుగుతున్నాను. పశ్చాత్తాపపడ్డాడా?"

"పడ్డాడు," అన్నాడు రుమోల్డ్, నెమ్మదిగా, లాటిన్‌లోనే. "నేను వెళ్లేసరికి ఇంకా ప్రాణం ఉంది. నా చెవులతో విన్నాను. రాజు పక్షాన నిలబడ్డందుకు ఏడ్చాడు. క్షమించమన్నాడు."

ఏడ్చాడు అన్న మాట ఎందుకు వచ్చిందో తెలియదు. అక్కర్లేదది.

లాండుల్ఫో కళ్లు మూసుకుని శిలువ గుర్తు వేసుకున్నాడు, బరువు దించుకున్నవాడిలా. ఆ వెనకే ఓట్విన్ గట్టు మీదకి ఎక్కాడు. అగ్రపీఠాధిపతి లాటిన్‌లో ఏమన్నా దాన్ని జనానికి వాళ్ల భాషలో వినిపించడం అతని పని, ప్రతి పండక్కీ, ప్రతి సభలోనూ చేస్తున్నదే, ఎవరూ చెప్పక్కర్లేదు. చేతులు చాచి జనం వైపు తిరిగి, రేవంతా వినపడేలా, శ్రద్ధగా అరిచాడు: "ఎగినో ప్రభువు చివరి ఘడియల్లో పశ్చాత్తాపపడ్డారు. రాజు పక్షాన నిలబడ్డందుకు ఏడ్చారు. అన్నగారి పాదాల దగ్గర క్షమాపణ వేడుకున్నారు."

పాదాలని నేనన్లేదు, అనుకున్నాడు రుమోల్డ్.

నీళ్లు రాళ్లకి కొట్టుకుంటున్నాయి. తర్వాత హెరిబ్రాండ్ చేతిలోని టోపీ ఒకసారి దులుపుకుని నెత్తిన పెట్టుకున్నాడు. కోపంగా కాదు, పనైపోయినవాడిలా. పెట్టె వైపు మళ్లీ చూడలేదు. వెనకాలవాళ్లు ఒక్కొక్కరే టోపీలు పెట్టుకున్నారు. ఒకడు, పాతికేళ్లుంటాయేమో, పక్కవాడితో, "ఏడ్చాడంట," అన్నాడు. పక్కవాడు, "పద," అన్నాడు. ఈటెలవాళ్లు తోలాల్సిన పని లేకుండానే ఆ గుంపు సందుల్లోకి విడిపోయింది. లాండుల్ఫో వాళ్లు వెళ్లడం చూస్తూ రుమోల్డ్ చెవిలో, "మంచి జరుగుతుంది సోదరా," అన్నాడు. "ఆదివారం మీరే ప్రసంగపీఠం ఎక్కి చెప్పండి. అంతటివాడే వెనక్కి తగ్గాడని వింటే మిగిలినవాళ్లూ తగ్గుతారు."

అప్పటికి గానీ ఆయనకి అర్థం కాలేదు. తన ఆత్మని ఇచ్చేశాననుకున్నాడు. ఇచ్చింది తనది కాదు. వాడికి ఇంత పెద్ద ప్రపంచంలో మిగిలింది ఒకటే, రాజు చేతుల్లో పెట్టిన చేతులు వెనక్కి తీసుకోకపోవడం, దాన్ని తీసుకెళ్లి తను దూత చేతుల్లో పెట్టాడు. పిలిచి నిజం చెప్పొచ్చు. హెరిబ్రాండ్ ఇంకా సందు మొగలోనే ఉన్నాడు, మోకాళ్ల నొప్పులతో మెల్లగా నడుస్తున్నాడు, ఒక్క కేక వేస్తే ఆగుతాడు. నోరు తెరిచాడు. గుడి గంటలు మొదలయ్యాయి.

రెలిందా ఆయన ముందుకొచ్చి నిలబడింది. అరవలేదు. "బావగారూ, నేను ఇంటికెళ్తాను," అంది.

"పూజ అయ్యాక..."

"మీరు పాతిపెడుతున్నదెవరినో నాకు తెలీదు. మా ఆయన్నైతే కాదు." అని గేర్లాక్ వైపు తిరిగి, "ఎదురునీటికి పడవ లాగే గుర్రాలు దొరుకుతాయా?" అని అడిగింది. గేర్లాక్ ఏలినవారి మొహం చూశాడు, ఆమె మొహం చూశాడు, "దొరుకుతాయమ్మగారూ, కూర్చోండి," అన్నాడు.

పెట్టెని భుజాలకెత్తుకున్నారు. గుడికి ఎక్కే దారి పొడుగూతా తలుపులు మూసి ఉన్నాయి. గంటలు విని ఎవరూ బయటికి రాలేదు, ఒక కిటికీలో ఆరేసిన దుప్పటిని ఎవరో లోపలికి లాక్కున్నారు. ముందు శిలువ, వెనక పెట్టె, దాని వెనక రుమోల్డ్, పక్కన దగ్గుతూ లాండుల్ఫో. పైన గుడిలో అమ్మ సమాధి మీది రాయి ఇప్పటికే లేపి ఉంటారు, చోటు చాలకపోతే అమ్మ ఎముకలు కాస్త పక్కకి జరపమని నిన్ననే కబురు పంపాడు తను, ఏ సంగతీ తేలకముందే. మలుపు దగ్గర ఇళ్ల మధ్య నుంచి నది కనిపించింది. గట్టు మీద రెండు గుర్రాలు తాడు లాగుతున్నాయి, పడవ ఎదురునీటికి కదిలీ కదలనట్టుంది, మధ్యలో ఖాళీగా ఉన్న చోట ఆమె కూర్చుని ఉంది, ఇటు వీపు పెట్టి. నేను చేసింది తప్పా, ఎవరైనా చెప్పండి, అనిపించింది ఆయనకి. లాండుల్ఫోని అడిగితే ఓదారుస్తాడు. ఓట్విన్‌ని అడిగితే తమరెలా సెలవిస్తే అలా అంటాడు. ఉన్నదున్నట్టు చెప్పేవాడు ఒక్కడే ఉన్నాడు, వాణ్ణి ముందు మోసుకెళ్తున్నారు, మెట్లు నిటారుగా ఉండడంతో మోసేవాళ్లు ఆగి భుజాలు మార్చుకున్నారు, ఆయన కూడా ఆగి, వాళ్లు కదిలేదాకా తల వంచుకుని నిలబడ్డాడు.